ప్రేక్షకులు కాదు, గొంతులే సమస్య
ఘాటైన కొత్తతరం మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) వేస్తే చిన్న ఊళ్లో జనం రారని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నాకు సగమే నిజమనిపించింది. అమెరికాలో, ఒహాయోలోని మా ఊరివాళ్లే సరదాగా నాటకాలు వేసే కమ్యూనిటీ థియేటర్‌లో 6 ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. హాల్లో ఉన్నవి 90 సీట్లు. ‘నెక్స్ట్ టు నార్మల్’ అనే మ్యూజికల్ వేద్దామన్నప్పుడు మా కమిటీలో పెద్దవాళ్లదీ ఇదే భయం. బైపోలార్ అనే మానసిక జబ్బున్న తల్లి కథ, మధ్యలో బూతులు, షాక్ ట్రీట్‌మెంట్. కానీ ఖర్చు వైపు నుంచి చూడండి: నటులు ఆరుగురే, వాయించేవాళ్లూ ఆరుగురే. పాతకాలపు పెద్ద మ్యూజికల్‌కైతే పాతిక, ముప్పై మందికి దుస్తులే తడిసి మోపెడవుతాయి. పైగా దీనికి 2010లో పులిట్జర్ అనే పెద్ద అమెరికా అవార్డు వచ్చింది, పోస్టర్ మీద వేసుకోవడానికి ఆ ముక్క బాగా పనికొచ్చింది. జనం వచ్చారు, రెండో వారం మడత కుర్చీలు కూడా వేశాం. మాకు చుక్కలు చూపించింది వేరే విషయం. తల్లి పాత్ర పాడగల గొంతు దొరకడానికి 2 నెలలు పట్టింది. ఆ రాక్ పాటలు వారాంతం సరదాకి వచ్చి పాడేవి కావు. బూతులు మనమే తీసేద్దాం అన్నారొకాయన. నాటకం వేసుకోవడానికి తీసుకునే లైసెన్సు ప్రకారం అనుమతి లేకుండా మాటలు మార్చకూడదు మరి. ‘రెంట్’ అనే మ్యూజికల్ కి స్కూళ్ల కోసం మెత్తబరిచిన ప్రతి ఉంది గానీ అన్నిటికీ అలా ఉండదుగా. అందుకే టికెట్ అమ్మేచోటే ఇందులో బూతులున్నాయని చెప్పేశాం. అయినా ఇంటర్వెల్‌లో నలుగురు లేచి వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు క్రిస్మస్ షోకి మళ్లీ వచ్చారు.