ఉద్దానంలో నొప్పి బిళ్లల బేరం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. నీళ్లన్నారు, నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, మండుటెండలో చేసే పని అన్నారు. ఆ అనుమానాల జాబితాలో నొప్పి బిళ్లలూ ఉన్నాయి. అవే అసలు దోషి అని మేమూ అనడం లేదు. అయితే ఊరి నీటిని మార్చాలంటే ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి. బిళ్లల వాడకాన్ని రేపటి నుంచే తగ్గించుకోవచ్చు. అందుకే ఈ మాట.

కవిటిలోనో, సోంపేటలోనో పొద్దుగూకే వేళ ఏదో ఒక మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. కొబ్బరికాయలు ఒలిచి వచ్చినవాళ్లు, జీడిపిక్కలు కొట్టి కొట్టి నడుం పట్టేసిన ఆడవాళ్లు వస్తుంటారు. ‘నొప్పులకు రెండు బిళ్లలియ్యి బావూ’ అనగానే అట్టలోంచి రెండు బిళ్లలు కత్తెరతో కోసి, కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. మందు పేరు, గడువు తేదీ, డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక, అన్నీ మిగిలిన అట్ట మీదే ఉండిపోతాయి. నొప్పి బిళ్లల్లో ఒకటైన డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. చట్టం ప్రకారం చీటీ చూపించి కొనాల్సినది.

పేరు తెలియకపోతే జరిగే అనర్థం చిన్నది కాదు. షాపులో కాంబిఫ్లామ్ కొంటారు, అందులో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసెటమాల్ కూడా ఉంటుంది. తగ్గలేదని ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. రాత్రి ఒళ్లు వెచ్చబడితే డోలో, అదీ పారాసెటమాలే. ఒక్క రోజులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అనే ఒకే జాతి మందులు రెండు, పారాసెటమాల్ రెండు దారుల్లో ఒంట్లోకి చేరాయన్నమాట.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులు నొప్పిని ఎలా తగ్గిస్తాయో 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ కనిపెట్టాడు. వాపునూ నొప్పినీ పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఇవి తయారు కానివ్వవు. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే. చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తనాళం ముడుచుకుపోకుండా చూసేవీ అవే. నౌపడ ఉప్పుమడుల్లో మధ్యాహ్నం దాకా పని చేసి, సరిగా నీళ్లు కూడా తాగకుండా బిళ్ల వేసుకోవడమంటే ఎండిపోతున్న పొలానికి మదుము మూసేయడమే.

‘అన్నం తిని వేసుకుంటున్నాం, గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నాం, ఏమవుతుంది?’ అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ల కాపాడేది కడుపునే, కిడ్నీని కాదు. ఇక బీపీకి టెల్మిసార్టాన్ లాంటి బిళ్ల, దానికి తోడు ఒంటి నీరు తీసే బిళ్ల వాడుతున్నవాళ్లు నొప్పి బిళ్ల కూడా కలిపితే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ ఒత్తిడి పడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకూ, అల్సర్ వచ్చినవాళ్లకూ, 20 వారాలు దాటిన గర్భిణులకూ ఈ నొప్పి బిళ్లలు డాక్టరు మాట లేకుండా వద్దు. డెంగీ అన్న అనుమానం ఉన్న జ్వరంలో ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోకూడదు, రక్తస్రావం భయం ఉంటుంది.

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు పంటినొప్పికో, బెణుకుకో ఐబుప్రోఫెన్ వేసుకుంటే తప్పేం కాదు. సొంతంగా వేసుకునేటప్పుడు రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటకూడదు, నొప్పికి పది రోజులు, జ్వరానికి మూడు రోజులు మించకూడదు. మామూలు ఒళ్లు నొప్పులకు పారాసెటమాల్ నయం. దానికీ హద్దుంది, రోజుకు 4 గ్రాములు మించితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. మద్యం తాగేవాళ్లు అంత దాకా కూడా పోకూడదు. మోకాళ్లకైతే జెల్ రాసుకోవచ్చు, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. విరేచనం తారులా నల్లగా వచ్చినా, కాళ్లు పొంగినా, మూత్రం తగ్గినా బిళ్ల ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇదంతా కూలీకి చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. పని మానితే ఆ రోజు కూలి పోతుంది కాబట్టే ఆయన బిళ్ల మింగుతున్నాడు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును ఆపేసింది. పక్షి ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు, నిజమే. అయినా రాబందుల విషయంలో చూపిన చురుకు ఉద్దానం షాపుల తనిఖీలో ఎందుకు కనిపించదు?

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడి దాకా రానివ్వకుండా చూసే పని ఊళ్లలో జరగాలి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు వచ్చిన ప్రతి మనిషినీ ‘నొప్పి బిళ్లలు వాడుతున్నారా, వారానికి ఎన్ని?’ అని అడిగి రాసుకోవాలి. క్రియాటినిన్ సరిగా లేనివారి కార్డు మీద ‘నొప్పి బిళ్లలు ఇవ్వరాదు’ అని పెద్ద అక్షరాలతో తెలుగులో ముద్ర వేసి, షాపులోనూ ఆర్‌ఎంపీ దగ్గరా అది చూపించమనాలి. కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా వైద్యశాఖ, ఔషధ నియంత్రణ శాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ ఎండాకాలం ముదిరేలోపే ఇవ్వాలని కోరుతున్నాం.