ఒత్తులు వచ్చేదాకా కథ ఆగాలా?

ఒకటో తరగతి గోడకు వేలాడే అక్షరాల చార్టులో మొదటి గడి ‘అ – అమ్మ’. మూడో గడి ‘ఇ – ఇల్లు’. అంటే పిల్లలు బడిలో అడుగుపెట్టిన రోజే మ ఒత్తు, ల ఒత్తు వాళ్ల కళ్లెదుట ఉన్నాయి. వాటిని చదవడం నేర్పేది మాత్రం అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ అయ్యాకే. అందాకా ‘అమ్మ’ వాళ్లకు చదివే మాట కాదు, గుర్తుపట్టే బొమ్మ. అన్న, అక్క, అత్త, అవ్వ, తమ్ముడు, చెల్లి, కుక్క, పిల్లి, అన్నం, పప్పు, మజ్జిగ... ఆరేళ్ల పిల్లల నోట నానే మాటల్లో ఒత్తు లేనివి ఏరుకోవాల్సి వస్తుంది. బోధనలో చివరికి నెట్టేసిన ఒత్తు వాళ్ల ఇంటి మాటల్లో మొట్టమొదట ఉంది.

‘ముందు అక్షరాలన్నీ రానీ, కథల సంగతి తర్వాత’ అనే పద్ధతి ఇక్కడే దెబ్బతింటోంది. వినడానికి అది పద్ధతిగానే ఉంటుంది. కానీ దాని ప్రకారం నడిస్తే పిల్లలు దాదాపు రెండేళ్ల పాటు తమకు అర్థమయ్యే వాక్యం ఒక్కటీ చదవరు. చదవడం అంటే గోడ మీది గుర్తులను పైకి అనడమే అని ఆ రెండేళ్లలో వాళ్లకు గట్టిగా నాటుకుపోతుంది. మూడో తరగతిలో కథల పుస్తకం చేతికిచ్చి ‘ఆనందంగా చదువు’ అంటే ఎలా చదువుతారు?

గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వేలో, మూడో తరగతి పిల్లలు రెండో తరగతి స్థాయి పాఠం చదవగలరా అని చూస్తారు. చదవగలిగినవాళ్లు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. కోవిడ్‌తో బడులు మూతపడ్డాక, 2022లో, ఆ అంకెలు 10.3కీ 5.2కీ పడిపోయాయి. ఆ పతనం గురించి చాలా చర్చ జరిగింది. అంతకంటే ఆలోచించాల్సింది 2018 అంకె గురించి. బడులు నిక్షేపంగా నడిచిన రోజుల్లో కూడా ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు చదవలేకపోయారు. ఆ లోటును మహమ్మారి ఖాతాలో వేయలేం.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడం గురించి ఒక చిన్న సూత్రం చెప్పారు. అక్షరాలను కూడబలుక్కునే శక్తిని, మాట విని అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. వాళ్లు కూడిక అనలేదు, గుణకారం అన్నారు. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మన దగ్గర ఈ రెండూ వేర్వేరు కార్యక్రమాలుగా నడుస్తున్నాయి. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన ‘తొలిమెట్టు’ చదవడం, రాయడం, లెక్కల పునాదుల కోసం. అదే ఏడాది ఫిబ్రవరిలో 100 రోజుల ‘రీడ్’ ప్రచారం చదవడం మీద ఇష్టం కోసం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్‌లో వచ్చిన ‘చదవడం మాకిష్టం’ కూడా ఈ రెండో కోవలోదే. ఉద్దేశాలన్నీ మంచివే. కానీ ఇష్టాన్ని ప్రచారంగా నడిపితే గడువు తీరగానే పుస్తకాలు మళ్లీ బీరువాలోకి పోతాయి. అక్షరాల పాఠంలో కథ లేకపోతే ఆ పాఠం ఎండిపోతుంది. ఒకే టీచరు, ఒకే పూట, ఈ రెండు పనులూ కలిపి చేయాలన్నదే ఈ వ్యాసం వాదన.

మన లిపి ఏం అడుగుతుందో ముందు ఒప్పుకోవాలి. 36 హల్లులకు తలకట్టు నుంచి విసర్గ దాకా గుణింతం వేస్తే రూపాలు 500 దాటుతాయి. ఆపైన ఒత్తులు, సంయుక్తాలు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు నాలుగైదు తరగతుల దాకా పడుతుందని చూపింది. తెలుగు పిల్లలు అంతకంటే త్వరగా నేర్చుకోవాలని ఆశించడానికి కారణం కనబడదు. అక్షరాలు ‘అయిపోవడానికే’ నాలుగేళ్లు పట్టే లిపిలో, అవి అయ్యాకే కథ అంటే ఆ కథ ఐదో తరగతిలో మొదలవుతుంది.

కాబట్టి వరుస మార్చాలి. మన పాఠ్యపుస్తకాలు పదాల ద్వారా అక్షరాలు నేర్పే పద్ధతిలోకి ఏనాడో వచ్చాయి. తరగతి గదిలో మాత్రం ‘అ ఆ ఇ ఈ’ వరుస ఇంకా రాజ్యమేలుతోంది. ఆ వరుస నిఘంటువు చూడటానికి పనికొస్తుంది. అందులో మొదటి పది అక్షరాలూ నేర్చుకున్న పిల్లలు వాటితో ఒక్క వాక్యమైనా చదవలేరు. దానికి బదులు క, ల, ప, త, వ, డ తీసుకోండి. ఈ ఆరింటితోనే కల, తల, వల, వడ, పలక, పడవ, పడక, తడక, కలప, కవల, కడప వస్తాయి. మొత్తం 11 మాటలు. వాటికి దీర్ఘం ఒక్కటి కలిపితే తాత, పాప, పాత, కాలవ చేరతాయి. ఇక ‘తాత పడవ’, ‘పాప పలక’, ‘పాత తడక’ అని పేజీకో మాట, ఒక బొమ్మ పెట్టి పుస్తకం చేయొచ్చు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి, విప్పి, మధ్య మడత మీద సగం మేర కత్తిరిస్తే కుట్టు లేకుండా 8 పేజీల బుజ్జి పుస్తకం తయారవుతుంది. బడి తెరిచిన రెండు నెలల్లోపు తనంతట తానే మొదటి నుంచి చివరి దాకా చదివిన పుస్తకం ప్రతి పిల్ల చేతిలో ఉండాలి. ఆ సంబరం ఏ ప్రచారమూ తేలేనిది.

ఒత్తులను కూడా అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. గ, డ, ద, ప, వ లాంటివి తలకట్టు తీసేసి కింద పెడితే దాదాపు అవే ఒత్తులు. మొగ్గ, బిడ్డ, గద్ద, పప్పు, అవ్వ చూపిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. త, న, మ, య, ర, ల... ఈ ఆరింటికే అక్షరం ఒక రూపం, ఒత్తు మరో రూపం. వీటికి వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు కేటాయించి, అత్త, అన్న, అమ్మ, అయ్య, ఇల్లు లాంటి ఇంటి మాటలతోనే నేర్పొచ్చు. ర ఒత్తును చివరికి ఉంచాలి. క్రావడి అక్షరానికి ఎడమ పక్క నుంచి మొదలవుతుంది కాబట్టి పిల్లల కంటికి అదే ముందు తగులుతుంది. ‘చక్రం’ను ‘చర్కం’ అని చదివే పిల్లలు తాము చూసిన వరుసలోనే చదువుతున్నారు. అది మొద్దుతనం కాదు.

ఇలాంటి తప్పులను టీచరు చెవి పట్టుకోవాలి. ‘మి’ని ‘వి’ అని చదివితే కళ్లు తోకను వదిలేస్తున్నాయని అర్థం. వ పక్కన కొమ్ము పెడితే మ లాగా కనబడుతుందనే ‘వు’కు కొమ్మును కింది నుంచి తిప్పి రాస్తాం. ఈ సంగతి పలక మీద ఒక్కసారి రాసి చూపిస్తే సగం గందరగోళం పోతుంది. ‘కాలం’ను ‘కలం’ అని, ‘వాడ’ను ‘వడ’ అని చదివేవాళ్లకు గుణింతం మొత్తం మళ్లీ వల్లె వేయించడం దండగ. ఇలాంటి జంట మాటలు పది పక్కపక్కన రాసి చదివిస్తే చాలు.

వల్లె వేయడం దగ్గర ఇంకో మోసం ఉంది. పాప లేచి నిలబడి పాఠం గడగడా చదివేస్తుంది. గొంతులో రాగం ఉంటుంది, ఎక్కడా తడబాటు ఉండదు. వేలు చూడండి. నోరు మూడో పంక్తిలో ఉంటే వేలు రెండో పంక్తిలో ఉంటుంది. పుస్తకం తీసుకుని, అదే పాఠంలో కింది నుంచి రెండో పంక్తి మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇక్కడి నుంచి చదువమ్మా’ అంటే పాప ఆగిపోతుంది, పెదవులతో మొదటి వాక్యం నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. అందరూ కలిసి గట్టిగా చదివే తరగతిలో ఇది ఏడాది పొడవునా బయటపడదు.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన ప్రాథమిక చదువు, లెక్కల కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం మూడో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలి. హిందీలో ‘పఢ్‌నా చాహతా హై’ మూడు మాటలు. తెలుగులో ‘చదవాలనుకుంటున్నాడు’ ఒక్క మాట, అందులో తొమ్మిది అక్షరాలు. ఎన్‌సీఈఆర్‌టీ 2022 అధ్యయనంలో 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలు పెట్టింది ఇందుకే. బడిలో గడియారం పట్టుకునే టీచర్లు మాటలను కాక అక్షరాలను లెక్కపెట్టడం న్యాయం. అసలు గడియారాన్ని నెలకొకసారికి మించి బయటకు తీయకపోవడం ఇంకా న్యాయం. వేగం కోసం చదివినవాళ్లు కథను వదిలేస్తారు.

ఇక గుణకారంలో రెండో అంకె, విని అర్థం చేసుకోవడం. దీనికి రోజుకు 15 నిమిషాలు చాలు. 12 నుంచి 16 పేజీల బొమ్మల పుస్తకం ఒకటి టీచరు గట్టిగా చదివి వినిపించాలి. ముందు రోజే ఒకసారి చదువుకుని, ఎక్కడ ఆగాలో చూసుకోవాలి. రెండు మూడు చోట్ల కంటే ఎక్కువ ఆగకూడదు. ఆగినప్పుడు ‘తర్వాత ఏమవుతుంది?’, ‘నువ్వైతే ఏం చేసేవాడివి?’ అని అడిగితే తరగతి లేచి కూర్చుంటుంది. ప్రతి మాటకూ అర్థం చెబితే కథ చచ్చిపోతుంది. చివర్లో ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అన్న ప్రశ్న దయచేసి మానేయండి. ఆ ప్రశ్న వస్తుందని తెలిసిన పిల్లలు కథ వినరు, జవాబు వెతుక్కుంటారు. నచ్చిన పుస్తకాన్ని మళ్లీ అడిగితే మళ్లీ చదవాలి. మూడోసారి విన్నప్పుడు కొన్ని వాక్యాలు వాళ్లే అందుకుంటారు. అప్పుడు ఆ పుటను వాళ్ల ముందు పెట్టి వేలితో చూపిస్తూ చదివిస్తే అది అక్షరాల పాఠం కూడా అవుతుంది.

పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చిండు’ అని చదివే పిల్లలను తప్పు పట్టకూడదు. అర్థం పట్టుకుని తన మాటలోకి తెచ్చుకున్నందుకు సంతోషించి, అచ్చులో ఎలా ఉందో తర్వాత చూపించాలి. ఇంట్లో గోండీ, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలకు దూరం ఇంకా ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి బోధన మొదలుపెట్టిన అనుభవం మనకుంది. అదే భాషల్లో కథల పుస్తకాలు కూడా ఉంటే తప్ప ఆ పిల్లలకు ఈ గుణకారంలో రెండో అంకె సున్నా దగ్గరే ఉండిపోతుంది.

ఏకోపాధ్యాయ బడిలో ఇదంతా ఎలా అని అడగొచ్చు. అక్కడ జంట చదువు బాగా పనికొస్తుంది. ఐదో తరగతి పిల్లలు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం చదివి వినిపించాలి. ఐదో తరగతికి వచ్చినా చదువు అంతంత మాత్రంగా ఉన్న పిల్లవాడికి ఇది గొప్ప మేలు. తేలిక పుస్తకం చదువుతున్నందుకు ఎవరూ నవ్వరు, తమ్ముడి కోసం చదువుతున్నాడు కదా.

పుస్తకాల కొరత ఉన్న మాట నిజమే కానీ, ఉన్నవి కదలకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. కేంద్రం నడిపే బడుల పథకం సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయ గ్రాంటు ఏటా ₹5,000. పుస్తకం సగటున ₹50 అనుకుంటే 100 పుస్తకాలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థల తెలుగు పుస్తకాలు ఈ ధరల చుట్టుపక్కలే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచైతే నాలుగు స్థాయిల కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఎంపిక మాత్రం బడికే వదలాలి. పైనుంచి మూకుమ్మడిగా కొన్న కట్టల్లో మహనీయుల జీవితచరిత్రలు, చిన్న అక్షరాల నీతికథలే ఎక్కువగా కనబడతాయి. ఆరేడేళ్ల పిల్లలకు కావలసింది పేజీకి ఒకటి రెండు వాక్యాలు, వేలి గోరంత అక్షరాలు, నవ్వించే బొమ్మలు. 100లో కనీసం 60 ఒకటి, రెండు తరగతులవి ఉండాలి.

తెచ్చాక బీరువాలో పెట్టొద్దు. పిల్లల చేతికి అందే ఎత్తులో రెండు తాళ్లు కట్టి, అట్ట ముందుకు కనబడేలా దండెం మీద వేసినట్టు వేలాడదీస్తే 30 పుస్తకాలు పడతాయి. వారం వారం మార్చాలి. ఇంటికి పంపే రోజు శుక్రవారమో శనివారమో ఒకటి ఖాయం చేయాలి. పేరు, పుస్తకం నంబరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, ఈ నాలుగు గడుల రిజిస్టరు నాలుగో తరగతి పిల్లలే రాస్తారు. చదువు రాని తల్లిదండ్రులకు కూడా ఇక్కడ పనుంది. పిల్ల చెప్పే కథ పది నిమిషాలు వినడమే ఆ పని.

ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే బడికి ఇంకో వంద పుస్తకాలు ఉన్నట్టే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు జమ కాకుండా బకాయి పడటం ఏళ్లనాటి సమస్య. పంచాయతీ సమావేశంలో ఈ ప్రశ్న అడగడానికి ఏ తల్లికైనా హక్కుంది.

బీరువాకు తాళం పడటానికి కారణం సోమరితనం కాదు, భయం. పుస్తకం చిరిగితే, పోతే, తనిఖీలో స్టాకు రిజిస్టరు లెక్క తేలకపోతే జవాబు చెప్పాల్సింది ప్రధానోపాధ్యాయులే. దీనికి విరుగుడు శిక్షణలో లేదు, ఒక ఉత్తర్వులో ఉంది. ఏటా నూటికి 15 పుస్తకాల దాకా చిరిగినా, పోయినా వసూలు లేకుండా, వివరణ అడగకుండా రాసేయవచ్చని విద్యాశాఖ స్పష్టంగా చెప్పాలి. ₹50 లెక్కన అది ఏడాదికి ₹750. తనిఖీకి వచ్చే మండల విద్యాధికారి అడగాల్సిన ప్రశ్న కూడా అప్పుడు మారుతుంది. పుస్తకాలు ఎన్ని ఉన్నాయని కాక, పోయిన నెలలో ఎన్ని ఇళ్లకు వెళ్లాయని, మూలలు నలగని పుస్తకాలు ఏవని అడగాలి. నలగని పుస్తకాలను పక్కన తీసి పెట్టి, వచ్చే గ్రాంటుతో వాటి బదులు ఏం తేవాలో రెండో తరగతి పిల్లలనే అడిగి రాసుకోవాలి.