డ్రాఫ్ట్‌లో జీతం ఒకటే, బయట ధర వేరు: కౌబాయ్స్ ముందు ఎవరిని తీసుకోవాలి?

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా ఏప్రిల్‌లో కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో వంతు ఒక పిక్. మైకా పార్సన్స్‌ను డాలస్ కౌబాయ్స్ 2021లో 12వ పిక్‌తో తీసుకుంది. నాలుగేళ్లకు కలిపి అతనికి ఇచ్చింది దాదాపు 1.7 కోట్ల డాలర్లు. 2025లో మళ్లీ అదే 12వ పిక్‌తో టైలర్ బుకర్‌ను తీసుకుంది. పార్సన్స్ అవతలి క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి ఆట నడిపేవాణ్ని, అంచు నుంచి వచ్చి పడగొట్టే ఎడ్జ్ రషర్, బుకర్ మన క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాచే గార్డ్. పని వేరైనా పిక్ నంబరు ఒకటే కాబట్టి, ఏటా పెరిగే జట్టు జీతాల పరిమితి వల్ల వచ్చిన తేడా తప్ప, జీతంలో ఇద్దరిదీ ఒకే మెట్టు. అదే డ్రాఫ్ట్ బయటికి వచ్చి చూడండి. 2025 ఆగస్టు చివర్లో గ్రీన్ బే ప్యాకర్స్ పార్సన్స్‌కు ఏడాదికి సగటున 4.7 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఆ వేసవిలోనే గార్డులందరిలో పెద్ద ఒప్పందం దక్కించుకున్న కాన్సాస్ సిటీ ఆటగాడు ట్రే స్మిత్‌కు వచ్చింది 2.35 కోట్లు. సరిగ్గా సగం.

ఏ స్థానానికి ముందు మనిషిని తీసుకోవాలన్న వాదనంతా నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది. ఏప్రిల్ దగ్గర పడుతుంటే డాలస్‌లో అభిమానులు రెండు వర్గాలవుతారు. ‘జట్టులో ఎక్కడ ఖాళీ ఉందో అది నింపండి’ అనేది ఒక వర్గం. ‘ఖాళీ సంగతి తర్వాత, ఉన్నవాళ్లలో బాగా ఆడేవాణ్ని తీసుకోండి’ అనేది రెండోది. ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇప్పుడు ఈ గొడవలో బాగానే గొంతు కలుపుతున్నారు. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్నది కూడా ఫ్రిస్కోలోనే కదా. నా మటుకు నాకు ఆ రెండు వాదనలూ సగం దూరం వచ్చి ఆగిపోయినవే. అసలు అడగాల్సింది, ఏ స్థానానికి మనిషిని బయట డబ్బు పెట్టి కొనుక్కోలేం అని.

ఐపీఎల్ వేలం చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. వేలంలో ధరే అంతా చెప్పేస్తుంది. 2023 డిసెంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌కు 20.5 కోట్ల రూపాయలు పెట్టిందంటే, అవతల ఇంకో జట్టు కూడా వదలకుండా పాడింది కాబట్టి. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు. 32 జట్లు, ఏడు రౌండ్లు, కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం. తీసుకున్న ఆటగాడికి నాలుగేళ్ల ఒప్పందం, మొదటి రౌండ్ వాళ్లకైతే జట్టు కావాలనుకుంటే ఐదో ఏడాది కూడా. జీతం పిక్ నంబరును బట్టి దాదాపు ముందే ఖాయమై ఉంటుంది. ఒకప్పుడు ఇలా లేదు. 2010లో మొదటి పిక్‌గా వెళ్లిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఐదు కోట్ల డాలర్లు గ్యారంటీగా ఇచ్చారు. మరుసటి ఏడాది ఆటగాళ్ల సంఘంతో కొత్త ఒప్పందం కుదిరింది, మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు మొత్తం వచ్చింది 2.2 కోట్లు. అప్పటి నుంచి మంచి పిక్ అంటే మంచి ఆటగాడే కాదు, నాలుగైదేళ్ల పాటు తక్కువ ధరకు దొరికే మంచి ఆటగాడు.

మరి ఏ స్థానంలో ఆ మిగులు ఎక్కువ? 2025లో కుదిరిన పెద్ద ఒప్పందాలు చూస్తే చాలు. ఆ ఏడాది ఒక్కో జట్టుకు జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ అంతకు ముందు ఏడాదే సగటున ఆరు కోట్లకు సంతకం పెట్టాడు. ఎడ్జ్ రషర్లలో పార్సన్స్‌కు 4.7 కోట్లు, టి.జె. వాట్‌కు 4.1 కోట్లు. విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్ జమార్ చేస్‌కు నాలుగు కోట్ల పైన. ఆ రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్‌కు మూడు కోట్ల పైన, లైన్ చివర నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లెఫ్ట్ టాకిల్ రషాన్ స్లేటర్‌కు 2.85 కోట్లు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లలో శిఖరం మీదున్న సేక్వాన్ బార్క్‌లీకి 2.06 కోట్లు, ఆ కింద ధరలు చప్పున పడిపోతాయి. దీనికి కారణం మోజు కాదు. 120 కిలోల బరువుండీ పరుగులో చురుకైన మనుషులు ఏ దేశంలోనైనా బహు కొద్దిమంది. అలాంటివాడు దొరికితే జట్టు వదులుకోదు, అందుకే బయట అమ్మకానికి రాడు. రన్నింగ్ బ్యాక్‌లు మూడో రౌండ్‌లోనూ దొరుకుతారు, నాలుగో రౌండ్‌లోనూ దొరుకుతారు.

ఈ లెక్కను కౌబాయ్స్ 2016లో పక్కన పెట్టింది. నాలుగో పిక్ చేతిలో ఉంది. కార్నర్‌బ్యాక్ జాలెన్ రామ్‌సే అందుబాటులో ఉన్నాడు. జట్టు మాత్రం రన్నింగ్ బ్యాక్ ఎజెకీల్ ఎలియట్‌ను తీసుకుంది. తర్వాతి పిక్‌తోనే జాక్సన్‌విల్ రామ్‌సేను పట్టుకుపోయింది. నిజం చెప్పాలంటే ఎలియట్ మొదటి ఏడాది అదరగొట్టాడు. 1,631 యార్డులతో లీగ్‌లోనే మొదటి స్థానం, జట్టుకు 13 విజయాలు. అప్పుడు ఈ ఎంపికను తప్పుపట్టినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. కానీ అంతకు రెండేళ్ల ముందు ఇదే జట్టులో డిమార్కో ముర్రే 1,845 యార్డులు పరిగెత్తాడు. అతను మూడో రౌండ్ పిక్. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు వెళ్లి అందులో సగం కూడా పరిగెత్తలేకపోయాడు. అంటే ఆ యార్డుల్లో పెద్ద వాటా ముందు నిలబడిన లైన్‌ది. ఇది కళ్ల ముందున్నా ఎలియట్‌కు 2019లో ఆరేళ్లకు తొమ్మిది కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చి, 2023 మార్చిలో వదిలేశారు. రామ్‌సే కోసం లాస్ ఏంజెలెస్ రామ్స్ రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఇంకో పిక్ ఇచ్చింది, అతనితో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచింది.

బార్క్‌లీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2018లో న్యూయార్క్ జెయింట్స్ అతన్ని రెండో పిక్‌తో తీసుకుంది. క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ ఏడో పిక్ దాకా ఉన్నాడు. ఆరేళ్లలో బార్క్‌లీతో జెయింట్స్ గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటి. 2024లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ అతన్ని మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లకు బయటి నుంచి కొనుక్కుంది. అతని ముందు నిలబడి కాచే లైన్ అంతా ముందే కట్టి పెట్టుకున్నాక కొంది. ఆ సీజన్‌లో అతను 2,005 యార్డులు పరిగెత్తాడు, జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఫైనల్లో మాత్రం కాన్సాస్ సిటీ బార్క్‌లీని 57 యార్డులకు కట్టడి చేసింది. అయినా ఈగిల్స్ 40-22తో గెలిచిందంటే, అదనపు మనుషులను పంపకుండా డిఫెన్స్ లైన్ ఒక్కటే అవతలి క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టడం వల్ల. ఆ లైన్‌లో జాలెన్ కార్టర్, జోర్డన్ డేవిస్, నోలన్ స్మిత్ ముగ్గురూ మొదటి రౌండ్ పిక్‌లు.

ఇంతదాకా వచ్చాక గార్డ్‌ను మొదటి రౌండ్‌లో తీసుకోవడం తెలివితక్కువ పని అని తేల్చేయొచ్చు. అక్కడే కౌబాయ్స్ చరిత్ర అడ్డం తిరుగుతుంది. 2014లో 16వ పిక్ వచ్చినప్పుడు యజమాని జెర్రీ జోన్స్ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజీల్ మీద ఉంది. ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే విలువైన స్థానం అదే మరి. కొడుకు స్టీఫెన్, స్కౌటింగ్ విభాగం వాళ్లు నచ్చజెప్పి లైన్‌మన్ జాక్ మార్టిన్‌ను తీసుకునేలా చేశారు. మాంజీల్ రెండు సీజన్లకే లీగ్‌లో లేకుండా పోయాడు. గార్డ్‌గా మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కు, అంటే ఏటి మేటి ఆటగాళ్ల జాబితాకు, ఎంపికై 2025లో రిటైరయ్యాడు. 2013లో లైన్ నడుమ ఆడే సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను 31వ పిక్‌తో తీసుకున్నప్పుడు, ఆ కుర్రాడికి అంత పై పిక్కా అని నవ్వారు. అతను కూడా లీగ్‌లో అగ్రశ్రేణి సెంటర్ అయ్యాడు. 2011లో తీసుకున్న లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్‌తో కలిపి, ముర్రే, ఎలియట్ పరిగెత్తింది ఈ ముగ్గురి వెనకాలే.

కాబట్టి స్థానం విలువ అనే లెక్కకు ఒక షరతు ఉంది. ఇద్దరు ఆటగాళ్లు ఇంచుమించు ఒకే స్థాయి అయినప్పుడే అది పనికొస్తుంది. మార్టిన్‌కూ మాంజీల్‌కూ మధ్య ఉన్నంత దూరాన్ని ఏ స్థానమూ పూడ్చలేదు. చిక్కేమిటంటే ఆ దూరం ఏప్రిల్‌లో ఎవరికీ కచ్చితంగా కనపడదు. పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ పాత డ్రాఫ్ట్‌లు తిరగేసి లెక్కగట్టారు. ఒకే స్థానంలో ముందు తీసుకున్నవాడు, ఆ వెంటనే తీసుకున్నవాడి కంటే మెరుగ్గా తేలే అవకాశం 52 శాతమట.

అభిమానులు మరిచిపోవాలనుకునే 2017 ఇందుకు సాక్ష్యం. జట్టుకు ఎడ్జ్ రషర్ కావాలి. స్థానం సరైనదే ఎంచుకున్నారు. 28వ పిక్‌తో టాకో చార్ల్‌టన్‌ను తీసుకున్నారు. రెండు పిక్‌ల తర్వాత పిట్స్‌బర్గ్ తీసుకున్నది టి.జె. వాట్‌ను. అవును, పైన 4.1 కోట్లు అని రాశానే, ఆ వాట్‌నే. చార్ల్‌టన్‌ను 2019 సెప్టెంబరులో వదిలించుకున్నారు. 2023లో మాజీ స్మిత్ అనే డిఫెన్సివ్ టాకిల్, అంటే డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడేవాడు, కూడా ఇలాగే ఖాళీ నింపడానికి తెచ్చిన మనిషే. అవతలివాళ్ల పరుగును ఆపాలన్నది ఉద్దేశం, ఆ పని జరగలేదు.

అందుకే నాకు వెనక్కి జరగడం ఇష్టం. అంటే పై పిక్‌ను ఇంకో జట్టుకిచ్చి, కింది పిక్‌లు రెండు మూడు తీసుకోవడం. ఎవరు రాణిస్తారో చెప్పలేనప్పుడు ఎక్కువ మందిని తీసుకోవడమే నయం. ఈ విద్యలో ఒకప్పుడు కౌబాయ్స్‌దే అందెవేసిన చేయి. 1989లో కోచ్ జిమ్మీ జాన్సన్ రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి పిక్‌ల మూట తెచ్చుకున్నాడు. మూడు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టుకు పునాది అది. ఏ పిక్‌కు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక వాడకంలోకి వచ్చింది కూడా అతని హయాంలోనే. ఆ మూడో సూపర్ బౌల్ 1996 జనవరిలో గెలిచింది. తర్వాత ఇప్పటిదాకా జట్టు కనీసం కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ లాంటి మ్యాచ్, ముఖం చూడలేదు. ఫ్రెడరిక్ కూడా 18వ పిక్ నుంచి వెనక్కి జరిగాకే దొరికాడు.

పార్సన్స్ సైతం అంతే. 2021లో కౌబాయ్స్ పదో పిక్‌తో కార్నర్‌బ్యాక్ కోసం కూర్చుంది. ఎనిమిదిలో జేసీ హార్న్, తొమ్మిదిలో పాట్రిక్ సర్టెయిన్ ఇద్దరూ వెళ్లిపోయారు. చేసేది లేక ఈగిల్స్‌తో పిక్ మార్చుకుని, పన్నెండుకు దిగి, మూడో రౌండ్ పిక్ ఒకటి అదనంగా పుచ్చుకుని, డిఫెన్స్ లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్‌గా పేరున్న పార్సన్స్‌ను తీసుకుంది. డిమార్కస్ లారెన్స్ గాయపడితే రెండో మ్యాచ్‌లో అతన్ని అంచుకు మార్చారు. ఆ తర్వాత నాలుగు సీజన్లలో 52.5 సాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టిన లెక్క. పెద్ద ధర లేని స్థానానికి తీసుకున్నవాడు అత్యంత ఖరీదైన స్థానంలో తేలాడు. దీన్ని దూరదృష్టి అనడానికి నాకు మనసొప్పదు. జట్టు అదృష్టం.

ఆ అదృష్టాన్నే 2025 ఆగస్టులో అమ్మేశారు. రెండు మొదటి రౌండ్ పిక్‌లు, డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్ వచ్చారు. డబ్బు వైపు నుంచి చూస్తే దీన్ని సమర్థించే మాట ఒకటుంది. ప్రెస్కాట్ ఆరు కోట్లు, రిసీవర్ సీడీ ల్యాంబ్ 3.4 కోట్లు, పార్సన్స్ 4.7 కోట్లు, సగటు లెక్కన కలిపితే 14.1 కోట్లు. మొత్తం పరిమితిలో సగం ముగ్గురికే. ప్రెస్కాట్ 2016లో 135వ పిక్‌గా వచ్చి నాలుగేళ్లు కలిపి 27 లక్షల డాలర్లకు ఆడినప్పుడు ఈ ఇబ్బంది లేదు. ఆ చవక కాలాన్ని జట్టు ఎలా వాడుకుందో ఎలియట్ ఒప్పందం చూస్తే తెలుస్తుంది.

నన్ను నిరాశపరిచింది ఆ తర్వాతి వరస. నవంబరులో న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చారు. అందుకు 2027 మొదటి రౌండ్ పిక్ ఒకటి, 2026 రెండో రౌండ్ పిక్, మాజీ స్మిత్‌ను ఇచ్చారు. విలియమ్స్ గొప్ప ఆటగాడే. కానీ అతనూ లైన్ మధ్యలో ఆడేవాడే, క్లార్కూ అంతే, మార్చిలో ఎనిమిది కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చిన ఓసా ఓడిగిజువా కూడా అంతే. మధ్యలో ముగ్గురు పెద్దవాళ్లు, అంచుల్లో పార్సన్స్ స్థానంలో నిలబడగలవాడు లేకపోయాడు. 2025 సీజన్‌లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సమర్పించుకున్నది ఈ జట్టే. 7 గెలుపులు, 9 ఓటములు, ఒక టై. అదే సీజన్‌లో తక్కువ జీతానికి ఏడాది ఒప్పందం మీద వచ్చిన జావాంటే విలియమ్స్ వెయ్యి యార్డులు దాటేశాడు. రన్నింగ్ బ్యాక్‌కు ఎంత పెట్టాలో జట్టు తనకు తెలియకుండానే చేసి చూపించింది.

ఈ పరిస్థితిలో నా వరస ఇది. క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు కాబట్టి అటు చూడక్కర్లేదు. మొదటి రౌండ్‌లో ఎడ్జ్ రషర్, లేదంటే కార్నర్‌బ్యాక్. టాకిల్‌కు కూడా నేను సరే అంటాను. 2025లో ఎడ్జ్ రషర్ డోనొవన్ ఎజిరువాకును రెండో రౌండ్‌లో 44వ పిక్‌తో తీసుకున్నారు, అది మంచి పనే, కానీ అతను ఒక్కడే చాలడు. గార్డ్‌ను మళ్లీ పై పిక్‌తో తీసుకోవాలంటే మార్టిన్ అంతటివాడని స్కౌట్‌లంతా ఒక్క మాట మీద ఉండాలి. డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాచే సేఫ్టీ, మధ్య లైన్‌బ్యాకర్ రెండో రోజుకు, అంటే రెండు, మూడు రౌండ్లకు, రన్నింగ్ బ్యాక్ మూడో రోజుకు, అంటే ఆ తర్వాతి రౌండ్లకు, ఆగొచ్చు. తమ వంతు వచ్చేసరికి పెద్ద రషర్లు, కార్నర్లు అయిపోయి, ఖాళీ నింపడానికి ఇంకో టాకో చార్ల్‌టన్ మాత్రమే మిగిలితే, ఫోన్ తీసి పిక్ అమ్మేసి వెనక్కి జరగాలి. అప్పుడు కొనేవాళ్లు తక్కువ ఇస్తామన్నా సరే అమ్మాలి. జెర్రీ జోన్స్ గదిలో ఆ మాట గట్టిగా చెప్పడానికి 2014లో మనుషులున్నారు.