పరిధి తగ్గిస్తే కచ్చితత్వం పెరగదు

అందరూ బయటికి వెళ్లగానే ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోయేలా ఫోన్ లొకేషన్‌తో అమర్చుకోవడం గురించి వచ్చిన వ్యాసంలో, ఇంటి చుట్టూ జియోఫెన్స్ (ఫోన్ దాటితే తెలిసేలా మ్యాప్‌లో పెట్టుకునే ఊహా వలయం) పరిధిని 50 మీటర్లకు కుదించమని రాశారు. నాకు అక్కడే అభ్యంతరం. ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ ఇచ్చిన సూచనల్లోనే కనీసం 100 నుంచి 150 మీటర్లు పెట్టుకోమని ఉంది. అపార్ట్‌మెంట్ లోపల జీపీఎస్ సిగ్నల్ సరిగా అందదు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫై, సెల్ టవర్లను బట్టి అంచనా వేస్తుంది, ఒక్కోసారి హాల్లో కూర్చున్న మనిషిని వీధి చివర చూపిస్తుంది. పరిధి చిన్నదైతే మనుషులుండగానే లైట్లు, ఫ్యాన్లు ఆగిపోతాయి.

ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉందా లేదా అన్న ఒక్కదాన్నే నమ్మినా ఇబ్బందే, కరెంటు పోతే రౌటరూ ఆగుతుంది కదా. ఫోన్ పరిధి దాటడం, వైఫై తెగడం రెండూ జరిగి ఐదు నిమిషాలు అలాగే ఉంటేనే అన్నీ ఆఫ్ అయ్యేలా పెట్టండి. ఇంటికొచ్చినప్పుడు లైటు వెలగడానికి రెండిట్లో ఏదో ఒకటి చాలు. ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే 'హోమ్ అసిస్టెంట్' సాఫ్ట్‌వేర్‌లో ఇది తేలికే. ఫోన్‌లో దాని యాప్‌కు లొకేషన్ అనుమతి ఎల్లవేళలా ఉండాలి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ (ఛార్జింగ్ ఆదా కోసం యాప్‌ను వెనకాల పనిచేయనివ్వని సెట్టింగ్) తీసేయాలి.

ఇక వ్యాసం అసలు తలవని విషయం: స్మార్ట్‌ఫోన్ వాడని అమ్మమ్మలు, తాతయ్యలు. ఫోన్లన్నీ బయటికి వెళ్లాయంటే ఇల్లు ఖాళీ అని కాదు. వాళ్లున్న ఇంట్లో మోషన్ సెన్సర్ గానీ, 'ఇంట్లో మనుషులున్నారు' అనే ఒక స్విచ్ గానీ తప్పకుండా పెట్టండి. తలుపు తాళం తెరిచే పని మాత్రం లొకేషన్‌కు అప్పగించొద్దు.