శ్రీ టెన్‌థౌజండ్‌వాలా గారికి, గెలిచినవాళ్ల తరఫున

మహారాజశ్రీ టెన్‌థౌజండ్‌వాలా గారికి,

గుంటూరు అరండల్‌పేట నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు శివకాశిలోనే అట్టపెట్టెలో ఉన్నంతకాలం మరింత క్షేమం.

దీపావళికి మీరు పేలితే నాకేం అభ్యంతరం లేదు. పెళ్లి ఊరేగింపుల్లో పేలినా చెవులు మూసుకుని ఊరుకుంటాను. ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం మీరు చేసే నిర్వాకం గురించే ఈ ఉత్తరం. గెలిచినవాడు తన డబ్బు పోసి మిమ్మల్ని కొంటాడు. కానీ తన ఇంటి ముందు కాల్చడు. పనిగట్టుకుని నాలుగు వీధులు మోసుకెళ్లి ఓడినవాడి గుమ్మంలో పరుస్తాడు. 2024 కౌంటింగ్ ముందు మా పక్కనున్న పల్నాడులో 144 సెక్షన్ పెట్టి, సీసాల్లో పెట్రోలు పొయ్యొద్దని బంకులవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. లూజు పెట్రోలు ఆపి ప్రజాస్వామ్యాన్ని కాపాడుకునే దాకా వచ్చామంటే అందులో తమ వంతు కూడా కొంచెం ఉంది.

ఎమ్మెల్యే ఎన్నికైతే పోనీలే అనుకోవచ్చు. ఐదేళ్లు పళ్లబిగువున ఓర్చుకుంటే ఓడినవాడికి మళ్లీ చాన్సొస్తుంది. రాజ్యాంగం మీద జనాన్ని అవునా కాదా అని అడిగే ఓటు అలా కాదండీ. అక్కడ గెలిచేది ఒక వాక్యం. ఆ వాక్యం కిందే ఓడినవాడూ, వాడి పిల్లలూ బతకాలి. (మన దేశంలో ఈ బెడద లేదు. సవరణలు పార్లమెంటే చూసుకుంటుంది. 368వ అధికరణం ప్రకారం హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఒక్క ఓటు ఎక్కువొచ్చిందని ఎవడూ మీ పెట్టె విప్పకూడదనే ఆ ఏర్పాటు కాబోలు. రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు మమ్మల్ని ఓటు కూడా అడగలేదు. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.)

టర్కీ సంగతి విన్నారా? 2017 ఏప్రిల్ 16న అధ్యక్షుడి అధికారాలు పెంచే సవరణలకు 51.4 శాతం సరేనన్నారు. ఇస్తాంబుల్, అంకారా, ఇజ్మీర్, పెద్ద నగరాలు మూడూ వద్దన్నాయి. ఆ రాత్రి అధ్యక్షుడు ఎర్డొగాన్ గారు "గుర్రం తీసుకున్నవాడు ఉస్కుదర్ దాటేశాడు" అని సామెత వేశారు. అయిపోయింది, ఇంక ఏడ్చి లాభం లేదు అని భావం. దేశంలో దాదాపు సగంమందికి గెలిచిన పెద్దమనిషి పంపిన సందేశం ఇది! ఇస్తాంబుల్ పేటల్లో జనం కిటికీల దగ్గర నిలబడి గిన్నెలూ మూకుళ్లూ వాయించారు. తమరు అక్కడ లేకపోయినా తమరి పని జరిగిపోయింది.

ఇక్కడ కూడా మైకులో ఒకటే మాట, "ప్రజలు గెలిచారు" అని. మరి ఓడినవాళ్లెవరండీ, గేదెలా?

మా అపార్ట్‌మెంటులో మొన్న బైలాస్ మార్చడానికి ఓటు పెట్టారు. డాబా మొత్తం సోలార్ పలకలకే, ఇంకెవరూ ఏమీ ఆరబెట్టకూడదు అని సవరణ. నేనూ అవుననే ఓటేశాను, కరెంటు బిల్లు చూస్తే మీరూ అలాగే వేసేవారు. గెలిచాం. గెలిచిన గంటలోపే మావాళ్లు మిమ్మల్ని తెచ్చి ఐదో అంతస్తు మామ్మగారి తలుపు ముందు కారిడార్లో వేశారు. ఆవిడ ఏటా వేసవిలో మిరపకాయలు ఎండబెట్టి మా అందరికీ కారం పంచిపెట్టే మనిషి. పొగ తగ్గాక తలుపు తీసి, "గెలిచారు సరే నాయనా, కాయలు ఎక్కడ ఎండబెట్టుకోమంటారో అది చెప్పండి" అంది. సెక్రటరీ గారు "మెజారిటీ అండీ" అన్నారు. ఎండ ఎక్కడుందని అడిగితే మెజారిటీ ఉందని జవాబు! గుంటూరులో పుట్టి మిరపకాయతో పెట్టుకున్న కమిటీని నేనిదే చూడటం.

ఐర్లండ్‌వాళ్లు ఈ మామ్మగారి ప్రశ్నకి ఓటుకు ముందే జవాబు రాసిపెట్టుకున్నారు. 1995లో విడాకులకు దారి తెరిచే సవరణ నెగ్గింది. 16 లక్షలకు పైగా ఓట్లు పోలైతే తేడా 9,114. అయితే గడచిన ఐదేళ్లలో నాలుగేళ్లు విడిగా ఉన్న దంపతులకే విడాకులని ఆ సవరణలోనే ఉంది. సంసారాలు కూలిపోతాయని బెంగపడ్డవాళ్ల కోసం పెట్టిన అడ్డుకర్ర అది. గెలిచాం కదా అని మర్నాడే పీకెయ్యలేదు. 2019లో మళ్లీ జనాన్ని అడిగి, 82 శాతం సరేనన్నాక రాజ్యాంగంలోంచి తీశారు. మధ్యలో ఇరవై ఏళ్లు దాటిపోయాయి. తమకు అంత ఓపిక ఎక్కడిది, వత్తి అంటించాక తమ ఆయుష్షే నిమిషాల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. మిమ్మల్ని ఎవడి గుమ్మంలో పరుస్తున్నారో కాస్త చూసుకోమనండి. కెన్యాలో 2010 ఆగస్టులో కొత్త రాజ్యాంగానికి దాదాపు 67 శాతం అవునన్నారు. వద్దని ఊరూరా తిరిగిన పెద్ద నాయకుడు విలియం రూటో. 2022లో ఆయనే అధ్యక్షుడయ్యాడు, ఆ రాజ్యాంగం మీదే ప్రమాణం చేసి! అంతదూరం ఎందుకు, గోవా చూడండి. మహారాష్ట్రలో కలవాలా వద్దా అని 1967 జనవరిలో అడిగితే విలీనం 34,021 ఓట్ల తేడాతో ఓడింది. విలీనం కావాలన్న బాందోద్కర్ గారు ఆ ఏడాదే ఎన్నికల్లో నెగ్గి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అదే జనం, అవే వేళ్లు.

పోనీ ఆయన మళ్లీ గెలవకపోయినా, మా మామ్మగారికి ఏ పదవీ రాకపోయినా, నా మాట మారదు. గెలిచినవాడి వెనక మంది ఉంటారు, డబ్బుంటుంది, మీరుంటారు. రాజ్యాంగం పుస్తకం తీసి చూసుకోవాల్సిన అవసరం పడేది ఓడినవాడికే. ఆ మొదటి రాత్రే వాడి గుమ్మంలో మీరు పేలితే, ఇది నా పుస్తకం కూడా అని వాడెలా అనుకుంటాడు?

ప్రస్తుతానికి డాబా మీద తూర్పువైపు ఒక వరస పలకలు తగ్గించి ఎండకి వదిలెయ్యాలని నేను కాగితం పెట్టాను. గెలిచినవాళ్లలోంచే సంతకాలు కావాలి. ముగ్గురు పెట్టారు, ఇద్దరు కారం కోసం.

మీరు మాత్రం ఈసారి అడ్రస్ మార్చుకోండి. ఎవరు కొంటే వాళ్ల హాల్లోనే, సోఫా ముందు, టీవీకి దగ్గరగా పేలండి. సెక్రటరీ గారి ఫ్లాటు రెండో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమవైపు.

ఇట్లు,
తమ విధేయుడు,
అవునని ఓటేసినవాడు