వేదికకు ఒక అవ్వ కావలెను

పర్యావరణ ఉద్యమంలో అందరూ లేరన్న అపవాదు ఈమధ్య బాగా ముదిరింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, నలభై దాటనివాళ్లు, ఖరీదైన నీళ్ల సీసా చేత్తో పట్టుకు తిరిగేవాళ్లు తప్ప ఇందులో ఇంకెవరూ కనబడరని గిట్టనివాళ్లు అంటున్నారు. ఈ మచ్చ చెరుపుకోవడం ఏమంత కష్టం కాదు. ఒక అవ్వ, ఒక డప్పు, ఒక టోపీ, నలభైమంది బడిపిల్లలు. ఈ సంబారాలు సమకూరితే ఏ సభయినా సర్వజన సభే. వీటిని ఎలా వాడుకోవాలో, ఎక్కడ తేడా కొడుతుందో నిర్వాహకుల మేలు కోరి వివరిస్తున్నాం.

ముందు అవ్వ. డెబ్బై దాటి ఉండాలి. నేతచీర తప్పనిసరి. చేతిలో జొన్నకంకో కొర్రకంకో ఉంటే మరీ మంచిది. దీపం వెలిగించేదాకా ఆమె పక్కనే ఉండాలి, ఆ తర్వాత మైకు ఆమెకు అందేంత దూరంలో ఉండకూడదు. అవ్వలతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్లకు విషయం తెలుసు.

ప్రపంచ పర్యావరణ దినోత్సవం, అంటే జూన్ 5 సంగతే తీసుకోండి. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు మొదలైన రోజది. ఆ ఊళ్లో అప్పటికి హాయిగా ఉంటుంది. మనకది రోహిణి కార్తె. మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ 7 దాకా ఉండే ఈ రెండు వారాల్లో రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. మనం సరిగ్గా అప్పుడే మొక్కలు నాటుతాం. అదీ ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండవుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం. మృగశిర వెళ్లి, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వచ్చి, రెండు గట్టి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక నాటితే మొక్క బతుకుతుందని అవ్వకు చిన్నప్పుడే తెలుసు. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అన్న సామెత కూడా వినిపించగలదు. అయితే మొక్క బతకడం అన్నది మన కార్యక్రమ వివరాల్లో లేదు. మైకు దూరంగా పెట్టమన్నది ఇందుకే.

నాటే పద్ధతిలోనూ తరాల అంతరం ఉంది. అవ్వ పద్ధతి ఇది: నెల ముందే గుంత తవ్వి ఎండబెట్టాలి. పొడవు, వెడల్పు, లోతు తలా ఒకటిన్నర అడుగు. పైమట్టి ఒక పక్కకు, అడుగుమట్టి ఇంకో పక్కకు తియ్యాలి. నింపేటప్పుడు పైమట్టిలో ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా పావుకిలో వేపపిండి కలపాలి. మొక్క ఉన్న నల్లకవరును బ్లేడుతో నిలువునా కోసి తీసెయ్యాలి. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే కత్తిరించాలి. మొదలు కవరులో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి, ఇంకా పూడిస్తే కుళ్లుతుంది. చుట్టూ కాలితో తొక్కి, పాదు చేసి, వాన వెనకబడితే వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పొయ్యాలి.

సభా పద్ధతి ఇంత చాదస్తంగా ఉండదు. గుంత ఆ పొద్దున్నే జేసీబీతో తీస్తారు. కవరు విప్పితే మట్టిగడ్డ విడిపోయి ఫొటోలో మొక్క వంగుతుంది కనుక కవరుతోనే దింపుతారు. మొక్క ఒకటి, చేతులు పదకొండు. నీళ్లు ఒక చెంబుడు, అదీ కెమెరా తిరిగేదాకా ఆగి పొయ్యాలి. కొన్నాళ్లకు పీకి చూస్తే వేళ్లు ఆ కవరులోనే గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి, మన కమిటీ చర్చల్లాగా. అయినా పీకి చూసేదెవరు? వచ్చే ఏడు అదే గుంత పనికొస్తుంది.

ఏ మొక్క అన్నది మాత్రం నిపుణులకు వదిలెయ్యాలి. రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఎంచింది వాళ్లే. తొందరగా పెరుగుతుంది, పశువు ముట్టదు. పశువు ముట్టని చెట్టును ఊరి మీదికి ఎందుకు తెస్తున్నారయ్యా అని గొర్రెల కాపరి ఎవరైనా ఆరోజే అడిగేవాడు, కానీ గొర్రెల కాపరి నిపుణుల జాబితాలో లేడు. అలర్జీల గొడవ పెద్దదయ్యాక 2022లో తెలంగాణలో ఇక దాన్ని నాటొద్దన్నారు.

అవ్వలు ఎక్కడ దొరుకుతారంటే జహీరాబాద్ వైపు చాలామందే ఉన్నారు. పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడి పల్లెల్లో మహిళా సంఘాలతో పనిచేస్తోంది. ఎక్కువమంది దళిత మహిళలు. విత్తనాన్ని ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడా మట్టీ అలికిన బుట్టలో పోసి, మూతిని కూడా అలికేస్తారు. బూడిద తేమను లాగుతుంది, వేపాకు పురుగును రానివ్వదు. కరెంటు అక్కర్లేని శీతల గిడ్డంగి ఇది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. అయితే పిలిచేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. మైకు దూరంగా పెట్టే కిటుకు వీళ్ల దగ్గర పారదు. 2008 అక్టోబరు 15 నుంచి వీళ్లకు సొంత రేడియోనే ఉంది. పైగా జనాన్ని సభకు రప్పించే మర్యాద వీళ్లకు తెలియదు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఎత్తుకుని, పాత పంటల జాతర పేరుతో నెలరోజులు ఊరూరూ వీళ్లే తిరుగుతారు. అందరూ ఇలా మొదలుపెడితే ఏసీ హాళ్లు ఏం కావాలి?

ఇక సర్వమత సమ్మేళనం. శుక్రవారం ఒంటిగంటకు సభ పెట్టి ముస్లిం సోదరులు ఎందుకు రారో అని వాపోవాలి. ఆదివారం పొద్దున పదింటికి నడక పెట్టి క్రైస్తవ యువతలో చైతన్యం తగ్గిందని రాయాలి. బీచ్ శుభ్రం చేసే పని తెల్లవారుజామున, సరిగ్గా పడవలు ఒడ్డుకొచ్చి చేపల వేలం నడిచే వేళకు పెట్టి, జాలరిపేట నుంచి ఒక్కరూ రాలేదని బాధపడాలి. మరుసటి వారం సముద్రం అందరిదీ అని వ్యాసం రాసుకోవచ్చు.

హైదరాబాద్ ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే కళాకారులకు అవగాహన కల్పించే సదస్సును శ్రావణమాసంలో పెట్టడం ఆనవాయితీ. మట్టి విగ్రహం నీడలో, వారాల తరబడి, మెల్లగా ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుని పగుళ్లిస్తుంది. వానాకాలంలో అసలే ఆరదు. అందుకే మట్టి పని ఎండాకాలంలోనే మొదలవ్వాలి, దానికి అడ్వాన్సు ఉగాదికల్లా చేతిలో పడాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే అచ్చులో పోసిన కాసేపటికే గట్టిపడుతుంది, తేలిక, లారీలో విరగదు. ఈ లెక్కలన్నీ కళాకారుడికి నోటికొచ్చు. కనుక ఆయనకు అడ్వాన్సు ఇవ్వం, అవగాహన ఇస్తాం.

యువతకు పెద్దపీట వెయ్యాలి, అది ఎండలో వెయ్యాలి. పిల్లలు అట్టముక్కలు పట్టుకుని రెండు గంటలు నిలబడితే చాలు. అట్ట మీద "భూమిని కాపాడండి" అని ఉండొచ్చు. ఏ భూమి, ఏ సర్వే నంబరు అని ఉండకూడదు. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఈ తేడా గుర్తించలేదు. తమ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు అని విడమరిచి పలికారు. ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించేదాకా వదల్లేదు. ఇలాంటివాళ్లను యువత అనరు, విద్యార్థులు అంటారు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట వాళ్లను పిలవాలా అన్న సందేహం కొందరికి వస్తుంది. కాగితాల మీద పనికిరాని నేల అనిపించుకున్న బీల అనే చిత్తడి నేల కోసం అక్కడి రైతులు, మత్స్యకారులు థర్మల్ కేంద్రానికి అడ్డం పడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ కొట్టేసింది. చిత్తడి నేలను అలా నిలబెట్టుకున్నవాళ్లు పర్యావరణవేత్తలు కారా అంటే, కారు. వాళ్లలో ఎవరూ కర్బన పాదముద్ర అన్న మాట వాడినట్టు దాఖలా లేదు.

భోజనాల దగ్గర సంప్రదాయం ఉట్టిపడాలి. కొర్ర బిర్యానీ, జొన్న రొట్టె, పచ్చిపులుసు. పళ్లెం కాగితానిది. దాన్ని చింపి అంచు గోరుతో లాగితే లోపలి నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర ఊడి వస్తుంది, కాబట్టి ఎవరూ చింపకుండా చూడాలి. మోదుగ విస్తరి వేద్దామంటే కుట్టేవాళ్లకు పదిరోజుల ముందు చెప్పాలట. మనకు పదిరోజుల ముందు మంత్రిగారి తేదీయే ఖాయం కాదు.

నీళ్ల లెక్క మరీ ముచ్చటైనది. రెండు వందల మందికి జూన్ ఎండలో మనిషికి లీటరు చొప్పున ఇరవై లీటర్ల క్యాన్లు పది. టెంట్ హౌస్‌లో నూటయాభై స్టీలు గ్లాసులు, రెండు గంగాళాలు అద్దెకు దొరుకుతాయి. కడగడానికి ఇద్దరు, వాళ్లకు ఒకరోజు కూలి. ఊళ్లో పెళ్లిళ్లు ఇలాగే అయ్యేవి. మన బడ్జెట్లో బ్రోచర్లకు పద్దు ఉంది, గ్లాసులు కడిగే కూలికి లేదు. అందుకని పావులీటరు సీసాలు.

సభ ముగిశాక ఆ సీసాల దగ్గరికి ఒకామె గోనెసంచితో వస్తుంది. ఆహ్వానితుల జాబితాలో ఆమె పేరు లేదు. ఖాళీ సీసా పది గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, అంటే కిలో కావడానికి వందసార్లు వంగాలి. మూత వేరు ప్లాస్టిక్, నీళ్లలో తేలుతుంది, సీసా మునుగుతుంది. రెండూ కలిస్తే మాల్ చెడుతుందని, దుకాణంలో రేటు కోస్తారని ఆమెకు తెలుసు. అట్ట వేరు, సీసా వేరు, పాలకవరు వేరు. చిప్స్ ప్యాకెట్‌ను మాత్రం చూసి వదిలేస్తుంది, ప్లాస్టిక్కూ వెండిరంగు పొరా అతుక్కుపోయి విడదీయరాదు గనుక ఎవరూ కొనరు. వేదిక మీద "వ్యర్థాల వర్గీకరణ" అంశంపై నలభై నిమిషాలు మాట్లాడిన వక్త అప్పటికే కారెక్కేశారు. చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోమని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మనమూ గుర్తించాం. గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టి బయటే ఆపాడు.

ఫ్లెక్సీ మీద మాత్రం అనవసర రాద్ధాంతం వద్దు. 2022 జులై 1 నుంచి నిషేధించింది వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లనే. మనది అంతకంటే మందం. ఎంత మందమైతే అంత చట్టబద్ధం.

చివరగా, సమీక్షా సమావేశంలో అవ్వకు రెండు నిమిషాలు ఇవ్వక తప్పదు, లేకపోతే నివేదికలో "భాగస్వామ్యం" అన్న గడి ఖాళీగా ఉండిపోతుంది. ఆమె అనే మాట ఎలాగూ తెలిసిందే: "గిప్పుడు నాటితే ఏం బతుకుతయ్ బిడ్డా, ఆరుద్ర రానియ్యరాదు?" దానికి మినిట్స్ ముసాయిదా కింద ఇస్తున్నాం, నిర్వాహకులు యథాతథంగా వాడుకోవచ్చు.

"పెద్దల సూచన విలువైనదిగా నమోదు చేసుకోవడమైనది. వచ్చే సంవత్సరం కూడా కార్యక్రమాన్ని జూన్ 5న మధ్యాహ్నం 12 గంటలకు జరపవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. అవ్వగారికి శాలువా కప్పి సత్కరించడమైనది. శాలువా పాలిస్టరు. ఉక్కపోతగా ఉన్నదని ఆమె తీసివేయబోగా, ఫొటోగ్రాఫర్ మరొక్క నిమిషం ఉంచుకోమని కోరడమైనది."