ఎంఆర్ఎన్ఏ టీకా మన డీఎన్ఏను తిరగరాస్తుందా?

“ఎంఆర్ఎన్ఏ టీకా మన డీఎన్ఏను శాశ్వతంగా మార్చేస్తుంది, అది ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ పదార్థం, ఏడాదిలో హడావుడిగా తయారుచేశారు” అనే సందేశం కోవిడ్ కాలం నుంచి నేటికీ చేతులు మారుతూనే ఉంది. ఈ మూడు ఆరోపణలనూ ఒకే గాటన కట్టలేం.

కృత్రిమమన్న మాటలో కొంత నిజముంది. టీకాలోని ఎంఆర్ఎన్ఏను, అంటే ప్రోటీన్ తయారీ సూచనలను మోసే ఆర్ఎన్ఏను, ప్రయోగశాలలోనే తయారుచేస్తారు, అందులో యూరిడిన్ అనే భాగానికి బదులు కొద్దిగా మార్చిన రూపాన్ని వాడతారు. అయితే ఆర్ఎన్ఏ మన ఒంటికి కొత్త కాదు: జన్యువులోని సమాచారాన్ని కణంలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌కు చేరవేసేదీ, అక్కడికి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చేదీ, చివరికి వాటిని ఒకదానికొకటి అతికించేదీ ఆర్ఎన్ఏయే.

అసలు ఆరోపణ డీఎన్ఏ గురించి. డీఎన్ఏ దాదాపు అంతా కేంద్రకంలో ఉంటుంది. టీకా ఆర్ఎన్ఏ మాత్రం కేంద్రకం బయటే రైబోజోమ్‌లకు చిక్కి, కరోనా వైరస్ పైన ఉండే స్పైక్ ప్రోటీన్‌ను తయారుచేయించి, ఎంజైముల చేతిలో ముక్కలైపోతుంది. ఆర్ఎన్ఏ ఎంత పెళుసంటే, దానితో పనిచేసేవారు చేతి తొడుగులు లేకుండా గొట్టాన్ని ముట్టుకోరు. చర్మం మీది ఎంజైమ్ రవ్వంత అంటినా శ్రమంతా వృథా.

ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారుచేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఉన్న మాట నిజం, 1970లోనే కనుగొన్నారు. సందేశాన్ని సమర్థించేవారు 2022 నాటి స్వీడన్ పరిశోధననూ చూపుతారు. అందులో పాత్రలో పెంచిన కాలేయ క్యాన్సర్ కణాలకు టీకా కలిపితే, కొన్ని గంటల్లో దాని డీఎన్ఏ నకళ్లు కనిపించాయి. కానీ అవి క్యాన్సర్ కణాలు, పైగా ఆ నకలు క్రోమోజోములో అతుక్కుందని ఆ పరిశోధన చూపలేదు.

మరో సంగతి చూడండి. పాటిసిరాన్ అనే ఆర్ఎన్ఏ మందును టీకా ఆర్ఎన్ఏ లాగే అతి సూక్ష్మమైన కొవ్వు నానోకణాల్లో ఉంచి, వంశపారంపర్యంగా వచ్చే ఒక అమిలాయిడోసిస్ (ప్రోటీన్ అవయవాల్లో పేరుకుపోయే జబ్బు) రోగులకు మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. ఆర్ఎన్ఏ అంత తేలిగ్గా జన్యువులో పాతుకుపోయేదైతే అన్నిసార్లు ఎక్కించే అవసరమేముంది?

ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 2018లో. కాబట్టి హడావుడి అన్న మాటా నిలవదు. ఎలుక కండరంలోకి ఎంఆర్ఎన్ఏ ఎక్కించి ప్రోటీన్ తయారవడం చూసింది 1990లో. మార్చిన యూరిడిన్ ఉపయోగాన్ని శాస్త్రవేత్తలు కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ చూపింది 2005లో. మనుషుల్లో ఎంఆర్ఎన్ఏ రేబిస్ టీకా పరీక్షల ఫలితాలు వెలువడింది 2017లో. 2020లో పరీక్షల దశలను కలిపి నడిపినందువల్ల కాలం కలిసివచ్చింది.

ఈ టీకాలకు దుష్ప్రభావాలే లేవనడం నా ఉద్దేశం కాదు. ముఖ్యంగా యువకుల్లో అరుదుగా గుండె కండరం వాపు వచ్చింది. దాన్ని పట్టింది టీకా అనంతర నిఘాయే. అది వాపు, జన్యుమార్పు కాదు.